హాక్ మాత్‌నీ దాని పురుగునీ గుర్తుపట్టడం ఎలా?

వానాకాలం మొదలైతే చాలు, ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు నుంచి నా ఫోన్‌కి ఒకే రకం వీడియో వస్తుంది. పూల మీద వాలకుండా గాల్లోనే నిలబడి, పొడవాటి నాలుకతో తేనె తాగుతున్న ఏదో జీవి. "మా పెరట్లోకి హమ్మింగ్ బర్డ్ వచ్చిందండీ!" అని కింద రాస్తారు. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండవు. మన పెరట్లోది హాక్ మాత్ అనే రెక్కల పురుగు. రెక్కలు రాకముందు అది ఆకులు తినే పురుగు, ముందు దాన్ని పట్టుకుందాం.

1. ముందు మొక్క చూడండి

మొక్క పేరు తెలిస్తే పురుగు పేరు సగం తెలిసినట్టే. నందివర్ధనం, గన్నేరు, బిళ్ళగన్నేరు మీద దొరికితే ఒలియాండర్ హాక్ మాత్ కావచ్చు. నువ్వు చేలోనో (ఒడియా వాళ్ళు రాశి అంటారు), వంగ, చిక్కుడు మీదో బొటనవేలంత లావు పురుగు కనిపిస్తే డెత్స్ హెడ్ హాక్ మాత్‌ని అనుమానించండి. చిలగడదుంప తీగ మీదైతే కన్వాల్వులస్ హాక్ మాత్. చామాకుల మీద, వాక్కాయ పొదల్లో వేరే రకాలుంటాయి.

2. నేల చూడండి

ఆకుల్లో కలిసిపోయిన పచ్చ పురుగుని వెతికి పట్టుకోవడం కష్టం. కింద గుళికల్లాంటి నల్లటి పెంటికలు ఉన్నాయేమో చూడండి. పెద్దగా, తాజాగా ఉంటే తలెత్తి సరిగ్గా ఆ పైకొమ్మ చూడండి. ఆకులు పోయి ఈనెలే మిగిలిన చోట, ఆకు అడుగున ఉంటుంది.

3. తోక దగ్గర కొమ్ము ఉందా?

ఇదే అసలు గుర్తు. ఒళ్ళంతా నూగుంటే అది గొంగళి, మనకక్కర్లేదు. ఒళ్ళు నున్నగా ఉండి, వెనక చివర ఒక్క కొమ్ము లేచి ఉంటే దాదాపు హాక్ మాత్ పురుగే. దాదాపు అన్నానంటే, మల్బరీ ఆకు తినే పట్టుపురుగుకీ చిన్న కొమ్ముంటుంది. నిమ్మ, కరివేపాకు మీది పచ్చ పురుగుని తాకితే ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెడుతుంది గానీ, అవి తల వెనక నుంచి వస్తాయి. అది సీతాకోకచిలుక పిల్ల. తోక కొమ్ము కుట్టదు, విషమూ లేదు. పిల్లల్ని భయపెట్టకండి.

ఇక కొమ్ము ఆకారం చూడండి. డెత్స్ హెడ్ పురుగుది గరుకుగా ఉండి చివర వంకర తిరుగుతుంది, పక్కల ఏటవాలు చారలుంటాయి. ఒలియాండర్ పురుగుది పొట్టిది. తల వెనక నీలం, తెలుపు కలిసిన రెండు కళ్ళు కనిపిస్తాయి. అవి కళ్ళు కావు, పిట్టల్ని బెదరగొట్టే మచ్చలు.

4. రంగు మారితే కంగారు పడకండి

నా మొదటి నందివర్ధనం పురుగు ఒక పొద్దున గోధుమరంగుకి తిరిగి, ఆకు ముట్టకుండా డబ్బాలో చుట్టూ పరుగులు పెట్టింది. రోగమొచ్చిందనుకుని చెత్తకుప్పలో పారేశాను. నిజానికి అది ప్యూపా (రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) కట్టడానికి చోటు వెతుక్కుంటోంది. మీరు ఆ తప్పు చేయకుండా డబ్బా అడుగున మూడు వేళ్ళ మందాన తడిమట్టి, ఎండాకులు వేసి పైన వలగుడ్డ కట్టండి. అంతవరకూ ఏ మొక్క మీద దొరికిందో ఆ ఆకులే పెట్టాలి. గన్నేరు పాలు విషం, ఆకు కోశాక చేతులు కడుక్కోండి. మట్టిలో దొరికిన ప్యూపాకి చెంబు పిడిలాంటి వంపు ఉంటే, అది చాలావరకు చిలగడదుంప పురుగుదే. ఆ పిడిలో ఉన్నది దాని పొడుగు నాలుకే.

5. రెక్కలొచ్చాక

వాలినప్పుడు రెక్కలు జెట్ విమానంలా వెనక్కి వాలి ఉంటాయి. మెడ వెనక పుర్రె బొమ్మ ఉండి, పట్టుకుంటే కీచుమంటే డెత్స్ హెడ్. తేనెపట్టులో దూరి తేనె దొంగిలించేదీ ఇదే. పొట్ట మీద గులాబీ పట్టీలుంటే కన్వాల్వులస్, ఒళ్ళంతా ఆకుపచ్చ పాలరాయిలా ఉంటే ఒలియాండర్. పట్టపగలు ఎగురుతూ, రెక్కలు గాజులా పారదర్శకంగా ఉంటే కాఫీ హాక్ మాత్. తుమ్మెద అనుకుని చాలామంది వదిలేస్తారు.

ఫోటో తీసేటప్పుడు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయండి. మొక్కది కూడా ఒకటి. ఆ మూడోది పంపరు ఎవరూ, అదే నాకు ముందు కావాల్సింది.