జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఆగిపోయిందా? ముందు కరెంటు బిల్లు మీద పేరు చూడండి

కొత్త వ్యాపారానికి జీఎస్టీ నంబరు కోసం దరఖాస్తు చేసి, అది కదలక నా దగ్గరకు వచ్చేవాళ్లను మొదట అడిగేది ఒక్కటే: నోటీసు చదివారా? పదిమందిలో తొమ్మిదిమంది చదివి ఉండరు. "పెండింగ్ అని వస్తోందండీ" అంటారు. దయచేసి ఎవరినీ అడగకముందే పోర్టల్‌లోకి వెళ్లి నోటీసు తెరవండి. అధికారి ఏ కాగితం మీద అభ్యంతరం చెప్పారో అందులోనే ఉంటుంది. పాన్, ఆధార్‌లలో పేరు ఒకేలా ఉందో లేదో మీరు ముందే చూసుకున్నారని అనుకుంటున్నాను.

ఏఆర్ఎన్ (దరఖాస్తు గుర్తింపు నంబరు) రాలేదు

అంటే దరఖాస్తు ఇంకా అధికారి దాకా వెళ్లలేదు, ఆధార్ ధ్రువీకరణ మిగిలి ఉంది. మీ మెయిల్‌కు ఒక లింకు వచ్చి ఉంటుంది. కొందరికి అది ఓటీపీతో పూర్తవుతుంది. మరికొందరిని స్లాటు తీసుకుని జీఎస్టీ సువిధా కేంద్రానికి రమ్మంటుంది. రెండో రకం లింకు వస్తే ఒరిజినల్ కాగితాలతో 15 రోజుల్లోగా వెళ్లి వేలిముద్ర ఇచ్చి రావాల్సిందే.

నోటీసే రాలేదు, తిరస్కరించారు

నోటీసు వచ్చింది, కాకపోతే మీకు కాదు. దరఖాస్తులో ఎవరి ఫోను నంబరు, ఎవరి మెయిల్ ఉన్నాయో చూడండి. చాలాసార్లు అవి నెట్ సెంటరు వాళ్లవి. రెగ్-03 అనే ఫారంలో నోటీసు వచ్చాక రెగ్-04 ఫారంలో జవాబు ఇవ్వడానికి ఉండేది 7 పని దినాలే. అవి దాటితే రెగ్-05తో తిరస్కరిస్తారు. అప్పుడు మీ సొంత నంబరు, మెయిల్‌తో కొత్త దరఖాస్తు వేయండి. దీనికి ప్రభుత్వ రుసుము లేదు.

వ్యాపార స్థలం రుజువు సరిపోలేదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. మా తమ్ముడు అద్దె గదిలో పచ్చళ్ల ప్యాకింగ్ మొదలుపెట్టినప్పుడు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు జతచేశాను. ఒప్పందం రాసిచ్చింది ఇంటి యజమాని. మీటరు మాత్రం ఎప్పుడో చనిపోయిన ఆయన తండ్రి పేరు మీదే ఉంది. మన ఊళ్లలో సగం ఇళ్ల సంగతి ఇంతే, బిల్లు కడుతున్నంతకాలం పేరు మార్పించాలని ఎవరికీ తోచదు. నోటీసు వచ్చింది. "ఆయన తండ్రిగారే" అని జవాబులో రాశాను, కాగితం ఏదీ పెట్టలేదు. తిరస్కరించారు.

రెండోసారి కాగితాలు ఎక్కువ ఉంటే మంచిదనుకుని యజమాని పేరున్న ఇంటిపన్ను రసీదు కూడా చేర్చాను. రసీదు మీద కొత్త డోర్ నంబరు, బిల్లు మీద పాతది. ఇవి రెండు వేర్వేరు ఇళ్లా అని మళ్లీ నోటీసు. జవాబు తయారుచేసేసరికి గడువు దాటింది.

మూడోసారి కరెంటు బిల్లు తీసేశాను. ఇంటిపన్ను రసీదు ఒక్కటే పెట్టి, దాని మీదున్న డోర్ నంబరునే కొత్త ఒప్పందంలోనూ దరఖాస్తు చిరునామాలోనూ అక్షరం మారకుండా రాశాను. జీఎస్టీ నంబరు వచ్చింది.

నిజానికి యాజమాన్యానికి ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు వంటి వాటిలో ఏదో ఒకటి చాలు. కేంద్ర పన్నుల బోర్డు 2025 ఏప్రిల్ 17న ఇచ్చిన 03/2025 ఉత్తర్వు తన అధికారులకు ఇదే చెప్పింది, జాబితాలో లేని కాగితాలు అడగవద్దని కూడా చెప్పింది. అద్దె ఒప్పందం రిజిస్టరు కాకపోతే యజమాని గుర్తింపు పత్రం కలపాలి. స్థలం భార్యదో తండ్రిదో అయితే తెల్లకాగితం మీద సమ్మతి లేఖ, వారి గుర్తింపు పత్రం, యాజమాన్యానికి ఒక రుజువు.

పన్ను రసీదు కూడా చనిపోయినవారి పేరునే ఉంటే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, వారసుల సమ్మతితో కలిపి పెట్టండి. ఇది దరఖాస్తుకు ముందే చేయాలి. నోటీసు వచ్చాక 7 పని దినాల్లో ఆ పత్రం చేతికి వస్తుందని నమ్ముకోకండి.

మిగతావి

అధికార పరిధి తప్పుగా ఎంచుకోవడం, ఫోటో సైజు, పోర్టల్ మొరాయించడం అరుదు. జీఎస్టీ సహాయ కేంద్రం 1800-103-4786కు ఫోన్ చేస్తే చెబుతారు. చిన్న వ్యాపారాల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. అది మీ వల్ల కాకపోతే జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి. ఆ పేరుతో డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే చిరునామా చివర గవ్.ఇన్ ఉందో లేదో చూడండి. లేకపోతే ఆధార్ నంబరు ఇవ్వకుండా మూసేయండి.