ఒలింపస్ కొండ ఎక్కడం ఎలా?

దేవతల రాజు జ్యూస్‌తో కలిపి పన్నెండు మంది గ్రీకు దేవతలు కొలువుంటారని చెప్పుకునే కొండ, గ్రీసులోని ఒలింపస్. దీని ఎత్తైన శిఖరం మితికాస్, 2,918 మీటర్లు. రెండు రోజులు పెట్టుకుంటే ఆయాసం లేకుండా వెళ్లి రావచ్చు.

మొదట తేదీలు చూసుకోండి. జూన్‌లో కూడా పైన మంచు మిగిలే ఉంటుంది, కాబట్టి జులై నుంచి సెప్టెంబరు దాకా మేలు. 2,100 మీటర్ల దగ్గరున్న స్పీలియోస్ అగాపితోస్ అనే బసలో మంచం ముందే బుక్ చేసుకోండి.

థెస్సలోనికి నగరం నుంచి కొండ కింది ఊరు లితోహోరో చేరి, టాక్సీలో ప్రియోనియాకు వెళ్లండి. రోడ్డు అక్కడితో సరి. సీసాలన్నీ అక్కడే నింపుకోండి, బస చేరేదాకా దారిలో నీళ్లు దొరకవు. బీచ్ అనే చెట్లు, పైన్ చెట్ల నీడలో మూడు గంటల నడక. ఆ రోజుకి అంతే, తొందరగా పడుకోండి.

రెండో రోజు తెల్లవారకముందే బయల్దేరాలి. మధ్యాహ్నమైతే మబ్బులు కమ్ముకుని పిడుగులు పడతాయి. మన ఇంద్రుడిలాగే జ్యూస్ చేతిలోనూ వజ్రాయుధం ఎందుకు పెట్టారో ఇక్కడ ఇట్టే అర్థమవుతుంది. చెట్లు అయిపోయాక అంతా గులకరాళ్లే. రెండున్నర, మూడు గంటల్లో స్కాలా శిఖరం వస్తుంది.

అసలు నిర్ణయం తీసుకోవాల్సింది ఇక్కడే. మితికాస్‌కి వెళ్లే కాకిస్కాలా దారిలో నడక ఉండదు, చేతులతో పట్టుకుని పాకడమే. ముందు కిందికి దిగి, మళ్లీ ఎక్కాలి. రంగు గుర్తులు వదలకండి. రాయిని కదిపి చూసి గానీ బరువు వేయకండి. దిగేటప్పుడు ముఖం కొండ వైపే ఉండాలి. పై వాళ్ల కాలు తగిలి రాళ్లు దొర్లుతుంటాయి, హెల్మెట్ లేకుండా వెళ్లొద్దు. 1913 ఆగస్టు 2న క్రిస్టోస్ కకాలోస్ అనే లితోహోరో వేటగాడు ఇద్దరు స్విస్ యాత్రికులను తీసుకెళ్లేదాకా మితికాస్‌ని ఎవరైనా ఎక్కినట్టు దాఖలా లేదు. దాన్నిబట్టే దాని సంగతి ఊహించుకోవచ్చు.

రాయి తడిగా ఉన్నా, లోయ చూస్తే కళ్లు తిరుగుతున్నా టెన్షన్ పడుతూ ముందుకెళ్లొద్దు. స్కాలా నుంచి పావుగంటలో స్కోలియో అనే ఇంకో శిఖరం ఎక్కేయండి. ఎత్తులో మితికాస్ కన్నా కొద్ది మీటర్లే తక్కువ, దారి మామూలు నడకే. జ్యూస్ సింహాసనం అని పిలిచే స్టెఫానీ శిఖరం కూడా అక్కణ్నుంచి కనిపిస్తుంది. నన్నడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లకి అదే చాలు.

ఏ శిఖరం ఎక్కినా మిట్టమధ్యాహ్నానికల్లా దిగుముఖం పట్టాలి. మోకాళ్లకి దిగడమే కష్టం, కర్రలు ఉంటే నయం. ఆపదొస్తే 112కి ఫోన్ చేయండి.