కంగారుకి కడుపు తిప్పితే – మూడో పాఠం: ఊపిరి లెక్క

పరీక్ష రోజు పొద్దున్నే కడుపులో దేవే పిల్లల కోసం, వాళ్ళని చూసి తామూ కంగారుపడే ఇంట్లోవాళ్ళ కోసం రాస్తున్న పాఠాల్లో ఇది మూడోది. వికారం ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది అన్నది నోట్సులో రాయడం మొదటి పాఠం. కడుపు జబ్బునీ కంగారునీ వేరుచేసి చూడడం రెండోది. ఈసారి ఊపిరి.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. భయం వేయగానే అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. రక్తం కాళ్ళూ చేతుల కండరాలకి మళ్ళుతుంది, అరుగుదల పని పక్కన పడుతుంది. జీర్ణాశయం ఖాళీ అవడం మందగిస్తుంది, పెద్దపేగు మాత్రం జోరందుకుంటుంది. హాల్‌టికెట్ చేత్తో పట్టుకున్న పిల్లాడికి పైన డోకులు, కింద బాత్రూమ్ పరుగులు ఒకేసారి వచ్చేది ఇందుకే. మామూలుగా జీర్ణాశయం నిమిషానికి మూడుసార్ల లయలో కదులుతుంది. వికారంలో ఆ లయ చెదురుతుంది. ఆ కబురు, కడుపునీ గుండెనీ మెదడుతో కలిపే వేగస్ నాడి మీదుగా మెదడుకి చేరుతుంది. ఈ నాడిలో దాదాపు 80 శాతం తంతులు కింది నుంచి పైకి కబుర్లు మోసేవే. కబురు అందగానే నోట్లో నీళ్ళూరతాయి, 'అందరి ముందూ వాంతి అయిపోతుందేమో' అని భయం పడుతుంది. ఆ భయానికి మళ్ళీ అడ్రినలిన్.

ఈ చక్రంలో గుండె మన మాట వినదు, జీర్ణాశయం అసలే వినదు. మనం తలుచుకుంటే మార్చగలిగేది ఊపిరి ఒక్కటే. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ ప్రభావం పెరిగి గుండె వేగం కాస్త తగ్గుతుంది. అందుకే ఈ సాధనలో పీల్చడం కన్నా వదలడం ముఖ్యం.

'గట్టిగా ఊపిరి పీల్చుకో' అని అందరూ చెప్పే సలహా ఇక్కడే బెడిసికొడుతుంది. కంగారులో ఉన్న మనిషి అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తుంటాడు. ఇంకా గట్టిగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి మెదడు రక్తనాళాలు కుంచించుకుంటాయి. తల తేలిపోతుంది, వేళ్ళ చివర్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది, వికారం పెరుగుతుంది. నోటితో గుటకలేసి పీల్చేవాళ్ళ పొట్టలోకి గాలి కూడా చేరి తేన్పులు మొదలవుతాయి. కాబట్టి కావలసింది ఎక్కువ గాలి కాదు, నెమ్మది.

సాధన ఇలా. వీపు ఆనించి కుర్చీలో కూర్చోండి. నడుం దగ్గర బెల్టో బొందో బిగుతుగా ఉంటే వదులు చేయండి. ఒక అరచెయ్యి బొడ్డు మీద, రెండోది ఛాతీ మీద పెట్టండి. ముందుగా, పీల్చకుండానే, లోపలున్న గాలిని మెల్లగా వదిలేయండి. మొదలుపెట్టేది ఎప్పుడూ వదలడంతోనే. ఇప్పుడు నోరు మూసి ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చండి, బొడ్డు మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీది చెయ్యి దాదాపు కదలకూడదు. తర్వాత పెదాలు సన్నగా తెరిచి, వేడి కాఫీ మీద ఊదినంత మెత్తగా, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. మధ్యలో బిగబట్టొద్దు. నాలుగూ ఆరూ కలిపి పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. అయిదు నిమిషాలు, రోజుకి రెండుసార్లు, తిన్న వెంటనే కాకుండా.

లెక్క దగ్గర చాలామంది తప్పుతారు. కంగారులో మన 'ఒకటి, రెండు' పరుగెత్తుతాయి, ఆరు అనుకున్నది మూడు సెకన్లలో అయిపోతుంది. మొదటి వారం గోడగడియారం సెకన్ల ముల్లు చూస్తూ చేయండి. నీట్ లాంటి పరీక్షలకి చేతిగడియారం లోపలికి రానివ్వరు కనక, రెండో వారం నుంచి లెక్క వేళ్ళ మీదికి మార్చాలి. పీల్చేటప్పుడు బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కొసలు ఒక్కొక్కటీ తాకండి, నాలుగు. వదిలేటప్పుడు చూపుడువేలి మూడు కణుపులు, మధ్యవేలి మూడు కణుపులు వరసగా తాకండి, ఆరు. జపమాల లేకుండా జపం చేసే పెద్దవాళ్ళ పద్ధతే. డెస్కు కింద చేస్తే ఇన్విజిలేటర్ కంట కూడా పడదు.

ఆరు దాకా వదలలేక గాలి కోసం ఆత్రపడుతున్నారా? మూడు పీల్చి అయిదు వదలండి, వారం తర్వాత పెంచుకోవచ్చు. వేళ్ళు తిమ్మిరెక్కితే మీరు పీల్చేది ఎక్కువైందని అర్థం, సగం గాలే పీల్చండి. ఆవలింతలొస్తే కంగారు వద్దు, అవి రావడం మామూలే. ఊపిరిని గమనిస్తే కంగారు ఇంకా పెరిగేవాళ్ళూ కొందరుంటారు. వాళ్ళు లెక్క వదిలేసి, చిన్నగా 'మ్…' అని కూనిరాగం తీస్తూ గాలి వదిలితే సరిపోతుంది, దానంతటదే వదలడం పొడుగవుతుంది. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఇదంతా మొదటిసారి పరీక్ష హాల్లో ప్రయత్నించడం. ఏ ఇబ్బందీ లేని రోజుల్లో రెండు మూడు వారాలు చేసి ఉంటేనే ఆ రోజు చేతికందుతుంది.

నిజంగా వికారం మొదలైనప్పుడు ఇంకొన్ని జాగ్రత్తలు కలుపుకోండి. డెస్కు మీదికి వంగి పడుకోవద్దు, పొట్ట నొక్కుకుపోయి ఇంకా దేవుతుంది. తల కదపకుండా చూపు ఒకచోట నిలపండి. ఊరిన నీళ్ళు మాటిమాటికీ మింగితే వాటితో గాలీ లోపలికి పోతుంది, రుమాల్లో ఉమ్మడం నయం. నీళ్ళు గుక్కగా కాక రెండు చెంచాల చొప్పున తాగండి. మణికట్టు గీత నుంచి మోచేతివైపు మూడు వేళ్ళ వెడల్పు దూరంలో, రెండు నరాల్లా తగిలే స్నాయువుల మధ్య బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కే పద్ధతి ఉంది. ఆపరేషన్ల తర్వాతి వాంతులకి దీని మీద పరిశోధన బాగానే జరిగింది. కంగారు వికారానికి అంత గట్టి రుజువులు లేకపోయినా నష్టమేమీ లేదు. గోరంత అల్లం ముక్క ఉప్పద్ది నమలడం కూడా మంచిదే, గుండెలో మంట ఉన్నవాళ్ళు తప్ప. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడిగి తినాలి.

ఇక తిండి. ఖాళీ కడుపుతో పంపడమూ తప్పే, కూర్చోబెట్టి కుక్కడమూ తప్పే. తొమ్మిదింటి ఇంటర్ పరీక్షకి ఆరున్నర, ఏడు మధ్య రెండు ఇడ్లీలు, కారప్పొడీ నెయ్యీ లేకుండా. లేదా పల్చటి పెరుగన్నం, మజ్జిగలో నానబెట్టిన అటుకులు. పూరీ, మైసూర్ బజ్జీ ఆ పూటకి వద్దు, నూనె జీర్ణాశయాన్ని ఇంకా నెమ్మదింపజేస్తుంది. అసలేమీ దిగకపోతే ఇరవై నిమిషాలకో బిస్కెట్ చాలు. రోజూ కాఫీ తాగే అలవాటుంటే తిన్నాక అరగ్లాసు తాగొచ్చు, పరగడుపున మాత్రం వద్దు. నీట్ మధ్యాహ్నం రెండింటికి, గేటు ఒకటిన్నరకే మూస్తారు కాబట్టి భోజనం పదకొండుకల్లా అయిపోవాలి. అమ్మలకో మాట: కంచం పట్టుకుని వెనకాలే తిరుగుతూ 'ఇంకొక్క ముద్ద' అంటే, ఆ ముద్దే బయటికొస్తుంది.

వాంతులు ఆపే మాత్రలు ఆ రోజు మొదటిసారి వేయొద్దు. మెటోక్లోప్రమైడ్ కొందరిని ఒక్కచోట కూర్చోనివ్వదు, కుర్రవాళ్ళలో మెడ, దవడ కండరాలు బిగుసుకుపోవడం కూడా ఉంటుంది. ఆన్‌డాన్‌సెట్రాన్ వాంతిని ఆపొచ్చు గానీ తలనొప్పీ మలబద్ధకమూ తేవచ్చు, పైగా కంగారు అలాగే ఉంటుంది. ఏదైనా డాక్టర్ని అడిగే, ముందే ఒకసారి వాడి చూసుకున్నాకే.

వాంతిలో రక్తం గానీ కాఫీపొడి లాంటిది గానీ కనిపించినా, పొట్టలో తీవ్రమైన నొప్పి ఉన్నా, తలనొప్పితో పొద్దున్నే వాంతులవుతున్నా, విపరీతమైన దాహమూ మూత్రమూ తోడైనా, పరీక్షలు లేని రోజుల్లోనూ బరువు తగ్గుతున్నా ఈ పాఠం పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్ళండి. పెద్దవాళ్ళకి వికారంతో పాటు ఛాతీ బరువు, చెమటలు వస్తే 108కి ఫోన్ చేయండి. బతకాలని లేదన్న మాట పిల్లల నోట వస్తే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలి మానస్ 14416కి ఆ క్షణమే ఫోన్ చేయండి, అక్కడ ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.

ఈ వారం పని: రోజుకి రెండుసార్లు సాధన. ముందూ తర్వాతా వికారానికి సున్నా నుంచి పదిలో ఎంతో నోట్సులో వేయండి. సున్నా దగ్గర మొదలై సున్నా దగ్గరే ముగిసినా వేయాల్సిందే. నాలుగో పాఠంలో, వాంతి వస్తే పట్టుకోడానికి జేబులో కవరు లేనిదే ఇల్లు కదలని అలవాటుని మెట్లు మెట్లుగా మాన్పించడం చూద్దాం.