పౌరాణిక హారర్‌లో రాక్షసుడికి ఎవరి పోలిక ఇస్తున్నారు?

సినిమా స్క్రిప్టు తొలి డ్రాఫ్టు పూర్తవగానే, డైలాగులకు నగిషీలు చెక్కకముందే, పాత్రల పట్టిక వేయండి. ఎవరు, ఏం కావాలి, ఎవరి నిర్ణయంతో కథ మలుపు తిరుగుతుంది, ఎప్పుడు చస్తారు: ఈ నాలుగు గడులు చాలు. అణగారిన వర్గాల పాత్రలన్నీ ఇంటర్వెల్‌లోపే పోతుంటే తిరగరాయాల్సిందే. పూనకం వచ్చే ఆడమనిషికి పూనకానికి ముందు సొంత కోరిక ఉన్న సీను ఒక్కటైనా ఉండాలి.

ఎక్కువగా బెడిసికొట్టేది రాక్షసుడి రూపం. నల్లని ఒళ్లు, గూని, కాలిన మచ్చలు తేలిగ్గా భయపెడతాయి, కానీ అలాంటి రూపం బతికున్న మనుషుల వైపే వేలు చూపిస్తుంది. పైగా పాత చింతకాయ పచ్చడి. రూపాన్ని శాపంలోంచే తీయండి. దాహంతో చచ్చిన శక్తి అయితే పగిలిన పెదాలు, తడి వైపే పాకే కదలిక.

ఇప్పటికీ జరుగుతున్న ఆచారాన్ని వాడితే, దాన్ని నిర్వహించేవాళ్లను అవుట్‌లైన్ దశలోనే కలవండి. సెట్ వేశాక కలిస్తే వాళ్ల మాట వినే ఓపిక నిర్మాతకు ఉండదు. పారితోషికం, టైటిల్స్‌లో పేరు, తెరమీద చూపకూడనివి కాగితం మీద ఉండాలి. వాళ్లు వద్దంటే పేరుతో సహా కొత్త ఆచారం కల్పించండి. సగం అరువు, సగం కల్పన అన్నిటికంటే చెడ్డది.

చీకటి ఫ్రేముల్లో నల్లని చర్మం మాయమవుతుంది. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి తీసుకునే వెలుగు) పెంచితే వెనకదంతా తెల్లగా వెలిసిపోతుంది. పక్కనుంచి పెద్ద మెత్తని లైటు, వెనకనుంచి సన్నని అంచు వెలుగు ఇవ్వండి. వేర్వేరు రంగుల నటులను మేకప్‌తో ఒకే ఫ్రేములో నిలబెట్టి షూటింగ్‌కు ముందే కెమెరా టెస్ట్ చేయండి.