స్కాట్లండ్ బ్యాగ్‌పైప్ నేర్చుకోవాలంటే: ముందు చాంటర్, తర్వాతే తిత్తి

పెళ్లిమేళంలో సన్నాయి విని పెరిగిన చెవికి స్కాట్లండ్ బ్యాగ్‌పైప్ మరీ కొత్త కాదు. రెండింటిలోనూ రెండు రేకుల రీడే, రెండింటి వెనకా ఆగని శ్రుతే. అసలు కష్టం వేరే చోట ఉంది. సన్నాయి వాయించేవారు ఊపిరి బిగబట్టి స్వరాన్ని తెంపగలరు, గమకంతో వంచగలరు. పైపర్‌కు ఆ రెండూ కుదరవు. తిత్తిలో గాలి ఉన్నంతసేపూ చాంటర్, అంటే వేళ్లతో స్వరాలు పలికించే రంధ్రాల గొట్టం, ఒకే గట్టితనంతో మోగుతూనే ఉంటుంది. స్వరాన్ని తెంపే పనంతా వేళ్లదే. అందుకే ఆరు నెలల నుంచి ఏడాది దాకా తిత్తి ముట్టకుండా, నేరుగా నోటితో ఊదే ప్రాక్టీస్ చాంటర్ మీదే సాధన చేయాలి.

పెద్దవాళ్లు పొడుగు రకం ప్లాస్టిక్ చాంటర్, ప్లాస్టిక్ రీడు కొనుక్కోవాలి. చవకగా దొరికే కొయ్య చాంటర్లలో చాలావాటికి రంధ్రాలు సరైన చోట ఉండవు. ఎంత సాధించినా అపశ్రుతే. పైగా మన కోస్తా ఉక్కకూ, కార్తీకంలో పట్టే ముసురుకూ వెదురులాంటి కేన్ రీడు తేమ పీల్చి ఉబ్బుతుంది, ప్లాస్టిక్ ఉబ్బదు.

స్వరాలు తొమ్మిదే: కింద మంద్ర నిషాదం, ఆపైన స రి గ మ ప ద ని, చివర తార షడ్జం. మన లెక్కలో హరికాంభోజి. అసలు పైప్ షడ్జం సుమారు ఆరున్నర శ్రుతి, తరచూ ఇంకాస్త పైనే. ప్రాక్టీస్ చాంటర్ దానికి ఒక స్థాయి కింద పలుకుతుంది. కాబట్టి తంబురా యాప్‌ను పుస్తకంలో చెప్పిన శ్రుతికి కాకుండా మీ చాంటర్ షడ్జానికి కలపండి.

ఎడమచేయి పైన, కుడిచేయి కింద. వేళ్లు వంచకుండా చాపి, కొసలతో కాక కణుపుల మెత్తటి భాగంతో రంధ్రాలు మూయాలి. చిటికెనవేలికి మాత్రం కొసే. అన్నీ మూస్తే మంద్ర ని, కుడి చిటికెన ఎత్తితే స, దాంతోపాటు ఉంగరపు వేలు ఎత్తితే రి.

ఎక్కువమంది తడబడేది మ నుంచి ప కు వెళ్లేటప్పుడు. కుడిచేతి మూడు వేళ్లు మూసుకోవడం, చిటికెన లేవడం, ఎడమ ఉంగరపు వేలు లేవడం ఒకే క్షణంలో జరగాలి. కుడిచేయి ముందుగా మూస్తే మధ్యలో కింది స్వరం ఒకటి టిక్కుమని దూరుతుంది. ఈ ఒక్క మార్పునే నిమిషానికి 50 దెబ్బల వేగంతో రోజూ ఐదు నిమిషాలు చేయండి. వేగం తర్వాత అదే వస్తుంది.

ఇక గ్రేస్ నోట్లు, అంటే స్వరాన్ని తెంపడానికి వేలితో వేసే క్షణకాలపు స్వరాలు. పంచమం రెండుసార్లు పలకాలంటే మధ్యలో ఎడమ చూపుడువేలు ఎత్తి వెంటనే వేయాలి. కింది స్వరాల దగ్గర కుడి చూపుడువేలు, ఎడమ ఉంగరపు వేలు కూడా ఇదే పని చేస్తాయి. చెవికి అది స్వరంలా వినపడితే వేలు ఆలస్యమైనట్టు. తెగిన చప్పుడులా వినపడాలి. కర్ణాటక సంగీతం నేర్చినవారు వేలు జార్చి గమకం తీయబోతారు. ఇక్కడ అది పనికిరాదు.

ఇరవై నిమిషాలకు రీడు దగ్గర నీరు చేరి చాంటర్ గొంతు గురగురమంటుంది. చాంటర్ విప్పి, నీరు విదిలించి, నీడలో ఆరబెట్టండి. కీలు వదులైతే మైనం పట్టించిన జనపనార దారం చుట్టాలి. తార షడ్జం హెచ్చుగా పలుకుతోందంటే రీడు లోతుగా దిగిందని అర్థం, కొంచెం పైకి లాగండి. ఒక్క స్వరమే హెచ్చితే ఆ రంధ్రం పైఅంచున సన్నగా ఎలక్ట్రికల్ టేపు అంటిస్తే దిగుతుంది.

పాట వాయించేముందు నోటితో పాడండి. స్కాట్లండ్‌లోనూ ఇదే దారి. పీబ్రోఖ్ అనే పెద్ద సంగీతాన్ని అక్కడి గురువులు 'హిహారిన్' లాంటి అక్షరాలతో పాడి నేర్పేవారు. ఆ పద్ధతి పేరు కాంటరఖ్త్. మన జతులు నోటికి వచ్చాకే చేతికి వచ్చినట్టే. కాలిన్ క్యాంప్‌బెల్ 1797లో అలాంటి అక్షరాలతోనే బాణీలను రాసిపెట్టాడు. పీబ్రోఖ్‌లో మొదట ఊర్లార్ అనే మూల బాణీ వస్తుంది. తర్వాత మార్పులు ఒకదానికొకటి చిక్కబడుతూ పోయి, చివర మళ్లీ ఊర్లార్ దగ్గరికే చేరతాయి. పల్లవికి తిరిగొచ్చినంత హాయి అది. మొదటి ఏడాది మాత్రం దాన్ని వినడంతో సరిపెట్టుకుని, చేతికి సులువైన మార్చ్‌లు, ఐదు స్వరాల మోహన లాంటి బాణీలు ఎంచుకోండి.

తిత్తి పట్టే రోజు వచ్చాక సింథటిక్ సంచీ తీసుకోండి. తోలుదానికి లేపనం పట్టించాలి. ముందు శ్రుతి గొట్టాలు మూడూ మూసి, చాంటర్ ఒక్కటే వాయించండి. ఊపిరి పీల్చుకునేటప్పుడు మోచేతి ఒత్తిడి పెరగాలి, ఊదేటప్పుడు తగ్గాలి. స్వరం ఊగుతోందంటే ఆ అప్పగింత కుదరలేదన్నమాట. కుదిరాక గొట్టాలు ఒక్కొక్కటిగా తెరవండి. మొదట టెనర్లు అనే రెండు పొట్టి గొట్టాలు షడ్జానికి ఒక స్థాయి కింద, తర్వాత బేస్ అనే పొడుగు గొట్టం రెండు స్థాయిల కింద. వాద్యం వేడెక్కేకొద్దీ చాంటర్ హెచ్చుతుంది కాబట్టి, ఐదు నిమిషాలు వాయించాకే శ్రుతి కలపాలి. రోహిణి ఎండల్లో మధ్యలో మరోసారి. నెల్లూరు దగ్గరి మైపాడు సముద్రపు ఒడ్డున వాయించాలని ముచ్చట పడేవారు ఉంటారు, కానీ ఇసుక, ఉప్పుగాలి రీడుకు శత్రువులు. ఊరి బయట తోట మేలు. ఇంట్లో వాయిస్తే చెవులూ దక్కవు, ఇరుగుపొరుగూ ఊరుకోరు.