ట్రాక్‌కి మన ఎలక్ట్రిక్ కారు – 3వ పాఠం: ఇరవై నిమిషాల వేడి

గత పాఠంలో బ్రేక్ ప్యాడ్లు మార్చాం, పాత ఫ్లూయిడ్ పూర్తిగా తీసేసి కొత్తది పోశాం. ఈ పాఠమంతా ఒక్క సెషన్, అంటే ట్రాక్ మీద ఇరవై నిమిషాల వంతు, గురించే. కారు అదే: 2018 నుంచి 2023 మధ్య వచ్చిన టెస్లా మోడల్ 3 పెర్ఫార్మెన్స్. ట్రాక్ కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గరున్న లగూనా సెకా. బే ఏరియాలో మనవాళ్ళ ఇళ్ళ ముందు ఈ కారు విరివిగా కనిపిస్తుంది. ఫ్రీమాంట్ నుంచి ట్రాక్‌కి సుమారు గంటన్నర ప్రయాణం. లగూనాలో శబ్దం మీద కఠినమైన పరిమితి ఉంది. దానికి భయపడి సైలెన్సర్లు మార్చుకునే పెట్రోలు కార్ల బాధ మనకు లేదు.

మనకున్న బాధల్లా వేడి. ఈ కారులో మార్చాల్సిన గేర్లు లేవు, ఇంజన్ రివ్వులు చూసే పని లేదు. వాటి బదులు నాలుగు పొయ్యిలు ఒకేసారి వెలుగుతుంటాయి: బ్యాటరీ, మోటార్లు, బ్రేకులు, టైర్లు. ఏది ముందు పొంగుతుందో కనిపెట్టి, అది పొంగేలోపే మంట తగ్గించడం ఈ పాఠంలో నేర్చుకుంటాం.

ముందు బ్రేకుల లెక్క. డ్రైవరుతో కలిపి కారు బరువు దాదాపు 1,930 కిలోలు. గంటకు 180 కి.మీ. నుంచి 70కి దించాలంటే సుమారు 20 లక్షల జూళ్ళ శక్తిని వదిలించుకోవాలి. ఆరు లీటర్ల కుళాయి నీళ్ళు మరిగించడానికి అది చాలు. పైగా ఇదంతా మూడున్నర సెకన్లలో జరగాలి, అంటే 600 కిలోవాట్లకు దగ్గర. యాక్సిలరేటర్ వదిలితే మోటార్లు తిరిగి బ్యాటరీలోకి పంపేది (దీన్నే రీజెన్ అంటారు) అందులో పదో వంతు చుట్టుపక్కలే. మిగతాదంతా డిస్కులూ ప్యాడ్లే మింగాలి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ‘ఫార్ములా-ఈ’ ఎలక్ట్రిక్ రేసు కార్లను గుర్తు తెచ్చుకోండి. అవి మన కారు బరువులో సగం కూడా ఉండవు, అయినా 600 కిలోవాట్ల వరకూ మోటార్లతోనే వెనక్కి తీసుకోగలవు. మన కారు వాటికి రెట్టింపు బరువుతో, వాటిలో పదో వంతు రీజెన్‌తో ఆగాలి. మోడల్ 3లో బ్రేక్ పెడల్ నొక్కితే పనిచేసేది మామూలు బ్రేకే. పోర్షె టైకాన్‌లోనూ హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్‌లోనూ పెడలే మోటారునీ బ్రేకునీ కలిపి వాడుకుంటుంది, కాబట్టి ఆ కార్ల వాళ్ళు చెప్పే ప్యాడ్ల ఆయుష్షు మీకు వర్తించదు.

ఇక తయారీ. ఇంటి నుంచి పూర్తి ఛార్జితో బయల్దేరినా, తొలి సెషన్ మొదలయ్యేసరికి బ్యాటరీ 85–90 శాతం మధ్య ఉండాలి. నిండుగా ఉంటే బ్యాటరీకి తిరిగి తీసుకునే చోటుండదు. రీజెన్ బాగా తగ్గిపోతుంది, తెర మీది పవర్ గీత మీద చుక్కలు కనిపిస్తాయి. అప్పుడు యాక్సిలరేటర్ వదిలితే కారు మీరనుకున్నంత నెమ్మదించదు. నాలుగు లాప్‌ల తర్వాత ఛార్జి తగ్గి రీజెన్ తిరిగి వస్తుంది, అలవాటు చేసుకున్న బ్రేకింగ్ గుర్తులన్నీ మళ్ళీ మారిపోతాయి. కొత్తవాళ్ళను తికమక పెట్టేది ఎక్కువగా ఇదే.

టైర్లలో గాలి, చల్లగా ఉన్నప్పుడు, 36 పీఎస్ఐకి దించండి. డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉన్న 42 రోడ్డు కోసం. ట్రాక్ మీద వేడెక్కేసరికి ఐదారు పెరిగి 41–42 దగ్గర నిలవాలి. తర్వాత ఒక సుద్దముక్క తీసుకుని, ముందు టైరు ట్రెడ్ అంచు నుంచి పక్కగోడ మీదికి ఒక గీత గీయండి. సెషన్ అయ్యాక దాన్ని చూడండి. సుద్ద ట్రెడ్ అంచు వరకే చెరిగితే గాలి సరిపోయింది. పక్కగోడ మీద కూడా చెరిగితే టైరు మూలల్లో పొర్లుతోందని అర్థం, రెండు పీఎస్ఐ పెంచాలి. ట్రెడ్ అంచు మీద కూడా సుద్ద మిగిలి ఉంటే గాలి ఎక్కువైంది. ఈ కారు ముందు చక్రాలకు కంపెనీ ఇచ్చే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) చాలా తక్కువ, అందువల్ల బయటి అంచు మొదట అరుగుతుంది. అది మీ డ్రైవింగ్ తప్పు కాదు. దానికి విరుగుడు తర్వాతి పాఠంలో.

చక్రం నట్లు టార్క్ రెంచితో 175 న్యూటన్ మీటర్లకు బిగించండి. మ్యాట్లు, బాటిళ్ళు, ఛార్జింగ్ కేబుల్ అన్నీ కారులోంచి తీసేయండి.

ట్రాక్ మోడ్‌ని (ట్రాక్ కోసం కారు తెరలో ఉండే అమరిక) లైనులోకి వెళ్ళాక ఆన్ చేస్తే ఆలస్యమైనట్టే. పది పదిహేను నిమిషాల ముందే వేసి, కంప్రెసర్ ఓవర్‌క్లాక్ (చల్లబరిచే కంప్రెసర్‌ని వేగంగా తిప్పేది), పోస్ట్ డ్రైవ్ కూలింగ్ (కారు ఆగాక కూడా చల్లబరిచేది) రెండూ ఆన్ చేయండి. ఫ్యాన్లు గట్టిగా మోగుతాయి, కంగారు పడకండి, అది బ్యాటరీని ముందుగా చల్లబరచడం. హ్యాండ్లింగ్ బ్యాలెన్స్ (ముందు వెనకల మధ్య పంపకం) 50:50లో, రీజెన్ 100 శాతంలో ఉంచండి. కారు జారకుండా చూసే స్టెబిలిటీ సాయం తగ్గించే పని ఈ పాఠంలో లేదు. తెర మీది కారు బొమ్మలో భాగాలు నీలంగా ఉంటే ఇంకా చల్లగా ఉన్నట్టు, ఆకుపచ్చగా ఉంటే సరే, ఎర్రబడితే మితిమీరినట్టు. సూటి రోడ్డు మీద ఒక్క క్షణం చూస్తే చాలు. మూలలో దాని వైపు చూడనే వద్దు.

లగూనా 3.6 కి.మీ., 11 మలుపులు. బ్రేకులకు అతి కష్టమైన చోటు 2వ మలుపు: 1వ మలుపు దగ్గర గుట్ట దాటాక రోడ్డు కిందికి వాలుతుంది, ఆ వాలులోనే పూర్తి వేగం నుంచి ఆగాలి. పేరుమోసిన కార్క్‌స్క్రూ, అంటే 8వ మలుపు, చూడటానికి భయపెడుతుంది గానీ అక్కడికి ఎక్కుడు దారిలో వెళ్తాం, కాబట్టి ఎత్తే కొంత ఆపుతుంది. 5 దాటి 7 వరకూ ఎక్కేటప్పుడు బ్యాటరీ, మోటార్లు బాగా కాగుతాయి.

తొలి లాప్ నెమ్మదిగా. బ్రేకు మూడు నాలుగు సార్లు, ప్రతిసారీ కొంచెం గట్టిగా. తర్వాత మూడు వేగమైన లాప్‌లు, ఒక చల్లని లాప్, మళ్ళీ మూడు, మళ్ళీ ఒకటి. ఇరవై నిమిషాలు ఈ లెక్కకు దాదాపు సరిపోతాయి. చల్లని లాప్‌లో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి రీజెన్‌తో నెమ్మదిస్తారు, మళ్ళీ నొక్కుతారు. రీజెన్ కూడా బ్యాటరీలోకి కరెంటే, అదీ వేడే. 90 కి.మీ. దగ్గర పాదం కదలకుండా, నిలకడగా పోనివ్వండి. గాలి తగిలితేనే డిస్కులు చల్లబడతాయి.

వేడి హద్దు దాటితే కారు ఒక్కసారిగా ఆగిపోదు, పవర్ కొద్దికొద్దిగా తగ్గుతుంది. 11వ మలుపు దాటి ప్రధాన సూటి దారిలో స్టార్ట్ గీత దగ్గర మీ వేగం ప్రతి లాప్‌లో గుర్తు పెట్టుకోండి. డ్రైవింగ్ మారకుండానే అది ఐదారు కి.మీ. పడిపోతే తదుపరి లాప్ చల్లని లాప్.

బ్రేకు విషయంలో పాదానికి తెలిసే తేడా ఒకటి ప్రాణం కాపాడుతుంది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ఆగకపోతే ప్యాడ్లు కాగిపోయాయి. రెండు లాప్‌లు నెమ్మదిగా వెళ్తే తిరిగి వస్తాయి. పెడల్ మెత్తబడి కిందికి దిగుతుంటే ఫ్లూయిడ్ మరిగి ఆవిరి పట్టింది. పెడల్‌ని రెండు మూడు సార్లు పంప్ చేసి, చెయ్యెత్తి, పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి) రండి. ఆ రోజుకు ఇక డ్రైవింగ్ లేదు, ఫ్లూయిడ్ మార్చాల్సిందే. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల వరకూ మరగదు, తేమ పట్టాక 155 దగ్గరే మరగవచ్చు. గత పాఠంలో రేసింగ్ రకం పోయమన్నది అందుకే.

వెనక కారుకి దారి ఇచ్చేటప్పుడు ఒక మాట. సూటి దారిలో మన కారు అందరినీ వదిలి దూసుకుపోతుంది, మూలల్లో బరువు వల్ల తేలిక కార్లకు అడ్డమవుతుంది. చెయ్యి చూపించి, సూటి దారిలోనే పాదం సగం ఎత్తండి. ఒక్కసారిగా వదిలేస్తే రీజెన్ పట్టి వెనకవాడు మీ మీదికి వస్తాడు.

ప్యాడక్‌లోకి (ట్రాక్ బయట కార్లు నిలిపే ఆవరణ) వచ్చాక ఆగగానే పార్క్ నొక్కకండి. ఈ కారులో పార్క్ అంటే వెనక డిస్కుల మీద పార్కింగ్ బ్రేకు పట్టడమే. కాలుతున్న డిస్కు మీద ప్యాడ్ ఒకే చోట బిగిస్తే అక్కడ మచ్చ పడి, తర్వాత బ్రేకు వేసిన ప్రతిసారీ వణుకు వస్తుంది. చివరి లాప్ మొత్తం బ్రేకు లేకుండా నడిపి, ప్యాడక్‌లో ఐదారు నిమిషాలు నడక వేగంతో తిప్పండి. ఆపాల్సి వస్తే చక్రాలకు చెక్కలు పెట్టి ట్రాన్స్‌పోర్ట్ మోడ్‌లో (బ్రేకు పట్టకుండా చక్రాలు వదులుగా తిరిగే అమరిక) వదలండి. చెక్కలు పెట్టకుండా ఆ మోడ్ వేయకండి, కారు జారిపోతుంది.

ఒక సెషన్‌కు బ్యాటరీలో పాతిక శాతం నుంచి మూడో వంతు వరకూ ఖర్చవుతుంది. కాబట్టి రెండు సెషన్ల తర్వాత, భోజనం వేళకు, 30 శాతం దగ్గరికి వస్తారు. అంతకు దిగితే పవర్ కూడా తగ్గుతుంది. ఫాస్ట్ ఛార్జింగ్ బ్యాటరీని మళ్ళీ కాచుతుంది, అందుకే ఛార్జర్ నుంచి నేరుగా ట్రాక్ లైనులోకి రాకండి, మధ్యలో అరగంట పోస్ట్ డ్రైవ్ కూలింగ్‌తో వదలండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ఏ ఎలక్ట్రిక్ కారుతో ఇదే పద్ధతి పాటించినా, అక్కడి ఎండకు మూడు వేగమైన లాప్‌లను రెండుకు కుదించుకోండి.

ఇంటికి బయల్దేరే ముందు గాలి తిరిగి 42కి నింపండి, నట్లు మళ్ళీ 175కి చూడండి.

ఈ వారం అభ్యాసం: సెషన్ దిగిన రెండు నిమిషాల్లోపు నాలుగు టైర్ల గాలి, బ్యాటరీ శాతం, స్టార్ట్ గీత దగ్గర తొలి, చివరి వేగాలు, సుద్ద గీత ఎక్కడివరకు చెరిగిందో ఒక కాగితం మీద రాయండి. 4వ పాఠంలో క్యాంబర్ లెక్కలు ఆ కాగితం నుంచే మొదలుపెడతాం.