బండ్లు లేని కంకర దారులు – 3వ పాఠం: ముందు వంతెనలు చూడండి

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. 1:25,000 మ్యాపులో 4 సెంటీమీటర్ల దారి 20 కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) దాటుతూ పైకి పోతే ఎక్కుడు ఎంత అని అడిగాను. 4 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. మనం తీసుకున్న లోట్ నది లోయకు ఐజీఎన్ (ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వేసిన మ్యాపులో గీతకూ గీతకూ మధ్య 5 మీటర్ల ఎత్తు. 20 గీతలకు 100 మీటర్లు. అంటే 10 శాతం. తారురోడ్డు మీదైతే ఆయాసపడుతూనైనా ఎక్కేస్తాం. కంకర మీద అదే ఎక్కుడు వస్తే సైకిలు వెనక చక్రం జారుతుంది, లేచి నిలబడి తొక్కితే ఇంకా జారుతుంది. సీటు ముందు కొసకు జరిగి, కూర్చునే తొక్కాలి. 12 శాతం దాటితే నేను దిగి నడిపిస్తాను. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక ఈ వారం పని: దారి మనమే గీసుకోవడం. మన ప్రయోగశాల అదే, ఫ్రాన్స్ నైరుతిలో లోట్ నది లోయ. కాఓర్ పట్నం నుంచి ఎగువన సాన్ సిర్క్ లపోపీ వరకు ఉన్న ముక్క చాలు. టులూజ్‌లో చదువుకునేవాళ్లు, విమానాల కంపెనీల్లో పనిచేసేవాళ్లు మనవాళ్లలో బాగానే ఉన్నారు. వాళ్లకైతే కాఓర్ రైల్లో గంటకు కాస్త పైనే. మిగతావాళ్లు ఇంట్లో కూర్చుని మ్యాపు మీద చేసినా పాఠం వస్తుంది. ఐజీఎన్ మ్యాపు ఇంటర్నెట్లో ఉచితంగానే చూడొచ్చు.

కొత్తవాళ్లకు పెన్సిలు ఇస్తే నేరుగా నది పక్కనే గీత గీస్తారు. నది ఒడ్డు అంటే చల్లగా, చదునుగా, ప్రశాంతంగా ఉంటుందని అనుకోవడం సహజం. లోట్ లోయలో అది కుదరదు. లోయ ఇరుకు. అటూ ఇటూ సున్నపురాయి కొండచరియలు. మధ్యలో మిగిలిన కాస్త చదునునూ ఊళ్లు, పొలాలు, పాత రైలు మార్గం, ఉత్తరపు ఒడ్డున డీ662 రోడ్డు పంచేసుకున్నాయి. జులై, ఆగస్టు నెలల్లో ఆ రోడ్డు మీద క్యాంపింగ్ వ్యాన్లు, మోటార్ సైకిళ్లు వరస కడతాయి. ఒక్కో మలుపు దగ్గర వెనక ఏ బండి వస్తోందోనని టెన్షన్ పడుతూ తొక్కాల్సిందే.

ప్రశాంతత ఉన్నది పైన. కాఓర్ దగ్గర నది సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంటే, దక్షిణాన ఉన్న లిమోన్య్ పీఠభూమి 300 మీటర్ల దాకా ఉంటుంది. దీన్ని అక్కడ ‘కోస్’ అంటారు. పొట్టి ఓక్ చెట్లు, జునిపర్ పొదలు, సున్నం పెట్టకుండా పేర్చిన రాతిగోడలు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయాలున్న గొర్రెలు. ఆ గోడల మధ్యే బండ్లు రాని బాటలు డజన్లకొద్దీ ఉన్నాయి. పైన దారులకు కొరత లేదు, కింద నదిని చూడాలనే కోరికా తప్పు కాదు. చిక్కంతా రెండింటినీ కలపడంలోనే. ఆ కలిసే చోట్లు వంతెనలు.

అందుకే నా పద్ధతిలో మొదటి పని దారి గీయడం కాదు, వంతెనలకు సున్నా చుట్టడం. కాఓర్, బూజియెస్, టూర్ ద ఫోర్, ఇంకా ఎగువకు పోతే కజార్క్. బూజియెస్‌ది పాత వేలాడే వంతెన, ఇరుకైనది. దాని మీద కార్లు నెమ్మదిగా పోక తప్పదు కాబట్టి సైకిలుకు మంచిదే. సున్నాలు చుట్టాక ఒక్కో వంతెన దగ్గర ఆగి, ఇక్కడి నుంచి పీఠభూమి మీదికి పోయే బాట ఉందా, లేక రోడ్డు తప్ప గతి లేదా అని చూడండి. వంతెనకూ బాట మొదలుకూ మధ్య, మ్యాపులో పసుపు రంగులో కనబడే, బండ్లు తిరిగే రోడ్డు ఎంత ఉందో కొలిచి పక్కన రాయండి. రోజు మొత్తానికి అలాంటి రోడ్డు 2 కిలోమీటర్లు దాటకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. తెల్లరంగు రోడ్లను మాత్రం లెక్కలో వేయను. అవి ఊరి రోడ్లు. తారు వేసి ఉన్నా, గంటకో ట్రాక్టరు వస్తే గొప్ప.

ఇప్పుడు గీతలు చదవాలి. ఇక్కడ తొందరపడకండి. రెండు సన్నటి గీతల్లో ఒకటి తెగి తెగి ఉంటే, ఆ దారికి మరమ్మతులు సక్రమంగా జరగవని అర్థం. మనకు అది వరం. ఒకే నల్లగీత తెగకుండా పోతే పొలానికో అడవికో పోయే బండిబాట. చాలావరకు మన పని దీనితోనే. తెగిన గీత ఒక్కటే ఉంటే కాలిబాట. దాన్ని నమ్ముకుంటే సైకిలును భుజాన మోయాల్సి రావచ్చు. దాని మీద ఎరుపు-తెలుపు నడకదారి గుర్తు ఉన్నంత మాత్రాన సైకిలు పోతుందని కాదు.

ఐజీఎన్ మ్యాపు దారి ఉందని చెబుతుంది గానీ నేల ఎలా ఉందో అంతగా చెప్పదు. అందుకు వలంటీర్లు కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కావాలి. అందులో బండిబాటలకు గ్రేడ్ 1 నుంచి 5 దాకా ఇస్తారు. 1 అంటే గట్టి నేల, 5 అంటే మెత్తటి మట్టి, గడ్డి. 40 మిల్లీమీటర్ల టైర్లతో హాయిగా పోయేది 2, 3. వానల తర్వాత 4, 5 జోలికి పోవద్దు. ఎవరో వలంటీరు వేసిన గ్రేడు కాబట్టి, శాటిలైట్ ఫొటో కూడా చూడండి. రెండు తెల్లటి చక్రాల జాడలు, మధ్యలో పచ్చటి గడ్డి చార కనబడితే సరే. చెట్ల కింద మాయమైతే ఆ ముక్క పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

ఒక దారి కలిసి గీద్దాం. కాఓర్‌లో బయలుదేరి జీఆర్65 నడకదారిని ఎదురుదిశలో పట్టుకుని ‘బాక్’ అనే పల్లెకు పోవాలి. ఇది ఫ్రాన్స్‌లోని లె ప్యూయి నుంచి స్పెయిన్‌లోని సాంటియాగోకు పోయే యాత్రికుల బాట. బాక్, కాఓర్‌ల మధ్య ఉన్న 26 కిలోమీటర్ల ముక్కను 1998లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇందులో చాలా దూరం కామి ఫెరాట్ అనే పురాతన బాట మీదుగా, ఓక్ చెట్ల మధ్య సాగుతుంది. యాత్రికులు మనకు ఎదురొస్తారు. నాకైతే అదే నయం, వెనక నుంచి పోయి ఉలిక్కిపడేలా చేయనక్కర్లేదు. వేగం తగ్గించి, బోంజూర్ చెప్పి, పక్కకు జరగాల్సింది మనమే.

బాక్ నుంచి ఉత్తరానికి తిరిగితే కోంకో. అక్కడ డీ911 రోడ్డును దాటడమే తప్ప దాని వెంట పోవద్దు. ఇంకా ఉత్తరానికి పోతే కొండ అంచున సాన్ సిర్క్ లపోపీ, కింద నది. దిగుడు నిటారు, బ్రేకులు ఒకేసారి బిగించకండి. దిగాక బూజియెస్ వైపు, 1840ల్లో కొండరాతిని తొలిచి చేసిన బాట ఉంది, ఒకప్పుడు ఒడ్డు నుంచి తాళ్లతో పడవలు లాగడానికి. తల మీదికి రాతి కప్పు వంగి ఉంటుంది, పక్కనే నీళ్లు, ఎదురుగా నడిచేవాళ్లు. ఆ కాస్త దూరం సైకిల్ దిగి నడిపించండి.

నీళ్ల సంగతి. సున్నపురాయి నేల కాబట్టి వాన నీరు భూమిలోకి ఇంకిపోతుంది, పీఠభూమి మీద వాగులు దొరకడం కష్టం. కాఓర్‌లోనే రెండు సీసాలూ నింపుకోండి. ఫ్రాన్స్ పల్లెల్లో సమాధుల తోట గేటు దగ్గర సాధారణంగా కుళాయి ఉంటుంది. ‘నోన్ పొటాబ్ల్’ అని రాసి ఉంటే తాగొద్దు. సోమవారం చాలా బేకరీలు మూసేస్తారు, బ్యాగులో ఏదైనా తిండి ఉండాలి.

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా వేట కాలం. బాట మొదట్లో ‘షాస్ ఆం కూర్’ బోర్డు కనబడితే లోపల వేట నడుస్తోందన్నమాట. వెనక్కి తిరగడమే మేలు. ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రటి బోర్డు మధ్యలో ఖాళీగా ఉంటే ఏ వాహనమూ పోకూడదు, సైకిలుతో సహా. గొర్రెల దొడ్డి గేటు తీస్తే మళ్లీ వేయండి.

అభ్యాసం: బూజియెస్ నుంచి కాఓర్‌కు తిరుగుదారి మీరు గీయండి. డీ662 మీద 2 కిలోమీటర్లు మించకూడదు, 12 శాతం దాటిన ఎక్కుడు ఒక్కటే ఉండొచ్చు. మ్యాపులో పాత రైలు గీత చూసి ఆశపడకండి, గీత ఉన్నంత మాత్రాన దాని మీద సైకిల్ బాట ఉన్నట్టు కాదు. నదిని ఎన్నిసార్లు, ఏ వంతెన మీద దాటారో గీత పక్కనే రాసి ఉంచండి. వచ్చే పాఠంలో నా గీతతో పోల్చి చూద్దాం.